చెర వీడిన పనిముట్టు

ఇంగ్లీషువారికి ‘ఫ్రీ’ అను మాట ఒక్కటే. వెల లేనిదీ ఫ్రీయే, కట్టుబాటు లేనిదీ ఫ్రీయే. మన భాషలో ఆ చిక్కు లేదు. సత్రములో పెట్టు భోజనము ఉచితము. అంతమాత్రమున సత్రములో మనకు స్వేచ్ఛ ఉన్నదని ఎవరూ అనరు. తలుపు మూయు వేళను నిర్ణయించువాడు యజమాని. ఈ రెండు మాటల నడుమ ఎంత దూరమున్నదో బ్లెండర్ అను సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకొన్న చిత్రకారులకు 2002లో తెలిసివచ్చినది.

కంప్యూటరుపై బొమ్మలను మలచి, వాటికి వెలుగునీడలు కల్పించి, చలనచిత్రముగా నడిపించుటకు కావలసిన సాఫ్ట్‌వేర్ 1990 తరువాతి సంవత్సరములలో వేల డాలర్లు పలికెడిది. పెద్ద స్టూడియోలవారు తప్ప ఇతరులు దానిని ముట్టుకొనగలిగేవారు కారు. ఆ కాలమున హాలెండు దేశములో టోన్ రోసెండాల్ అను ఆయన నియోజియో అను యానిమేషన్ స్టూడియో నడుపుచుండెడివారు. 1988లో మరికొందరితో కలిసి ఆయన స్థాపించినదే అది. తమ పనికి కావలసిన పనిముట్టును తామే చేసుకొను అలవాటు వారికి మొదటినుండియు కలదు. ఆ పనిముట్టును పునాదులనుండి తిరిగి వ్రాయ పూనుకొన్నప్పుడు బ్లెండర్ పేరుతో ఏర్పడిన తొలి ఫైళ్ళపై 1994 జనవరి 2వ తేది ఉన్నది. నేటికిని దానినే బ్లెండర్ పుట్టినరోజుగా లెక్కించుచున్నారు. యెల్లో అను స్విస్ బృందము వారి పాటనుండి ఆ పేరు తీసుకొన్నారట. మన వంటింటి మిక్సీకి కూడ ఇంగ్లీషున అదే పేరు గనుక, తొలిసారి వినువారికి నవ్వు వచ్చిన రావచ్చును.

1998లో రోసెండాల్ నాన్ అను సంస్థను నెలకొల్పి, ఈ సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్ ద్వారా ఉచితముగా పంచసాగినారు. అనుబంధ వస్తువులను, సేవలను అమ్మి దానిని పోషింపవచ్చునని ఆయన అంచనా. 2000 సంవత్సరములో పెట్టుబడిదారులు 45 లక్షల యూరోలు సమకూర్చినారు. ఆ యేటి చివరకు పేర్లు నమోదు చేసికొన్నవారు రెండున్నర లక్షలు దాటినారు. ప్రపంచపు నలుమూలల విద్యార్థులు, ఔత్సాహికులు వెల లేకుండ ఈ విద్య నేర్చుకొన్నారు.

అయితే వారికి అందినది వండిన భోజనమే. వంటశాలలోనికి ప్రవేశము లేదు. సాఫ్ట్‌వేర్‌కు వంటశాల వంటిది దాని సోర్స్ కోడు, అనగా మనుష్యులు చదివి మార్చగల మూలపాఠము. యంత్రమునకు తగినట్లు మార్చిన రూపము మాత్రము చేతిలో ఉన్నవాడు దానిని వాడగలడే గాని, చెడినచో బాగుచేయలేడు. బ్లెండర్ మూలపాఠముపై సర్వహక్కులును సంస్థవి.

అంచనా తప్పినది. అమ్మకములు ఆశించినంత లేకపోయినవి. 2001లో సంస్థను కుదించినారు; 2002 ఆరంభమున పెట్టుబడిదారులు మూసివేసినారు. ఆ క్షణముననే ఎవరి యింటిలోని బ్లెండరూ ఆగిపోలేదు. కాని ఇక దిద్దువారు లేరు. కంప్యూటర్లు మారును, వాటిని నడుపు ఏర్పాట్లు మారును, మారని సాఫ్ట్‌వేర్ కొన్నియేండ్లలో పనికిరాకుండ పోవును. దానితోపాటు ఆ రూపములో దాచుకొన్న బొమ్మలు, నేర్చుకొన్న నేర్పు కూడ పోవును. ఉచితమని సంతోషించినవారికి అప్పుడుగాని యజమాని ఎవరో కనబడలేదు.

రోసెండాల్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆ మార్చిలో లాభాపేక్ష లేని బ్లెండర్ ఫౌండేషన్‌ను స్థాపించి, పెట్టుబడిదారులతో మాటలు సాగించినారు. 1,00,000 యూరోలు చెల్లించినచో మూలపాఠమును విడిచిపెట్టుటకు వారు సమ్మతించినారు. జూలై 18న చందాల సేకరణ ఆరంభమైనది. మూతపడిన సంస్థలో పనిచేసినవారు కొందరు అందులో స్వచ్ఛందముగా చేరినారు. ఒకనాడు వెల లేకుండ పొందిన వస్తువునకై ఇప్పుడు సొమ్ము ఇమ్మని అడుగుట! ఎన్ని నెలలు పట్టునో అని శంకించినవారికి ఆశ్చర్యము కలిగించుచు, ఏడు వారములలో మొత్తము చేరినది. 2002 అక్టోబరు 13, ఆదివారమున బ్లెండర్ మూలపాఠము లోకమునకు విడుదలైనది.

విడుదల చేసినది జి.పి.ఎల్. అను ఒడంబడికపై. ఎవరైనను వాడవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, అమ్ముకొనవచ్చును కూడ. కాని మార్చి పంచువాడు తాను పొందిన హక్కులనే పుచ్చుకొన్నవానికి ఈయవలెను, మూలపాఠముతో సహా. వంటశాలకు మరల తాళము వేయుటకు వీలులేదు. ఈ భావమును ప్రచారము చేయుచు హైదరాబాదులో ఏర్పడిన సంఘము ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకొన్నది. ‘ఉచితము’ అని పెట్టుకొనకపోవుట గమనింపదగినది.

ధ్వనికి సంబంధించి ఇటువంటి పనిముట్టే ఆడాసిటీ. డామినిక్ మాట్సోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున దానికి శ్రీకారము చుట్టినారు. 2000 సంవత్సరములో బయటికి వచ్చినదది. కంఠధ్వనిని ముద్రించుకొని, కత్తిరించి అతుకుటకు ఇంటింటను వాడుచున్న ఆ పనిముట్టును ఎవరును సొమ్ము పోసి విడిపింపవలసిన పని కలుగలేదు.

విడుదలైనంత మాత్రమున బ్లెండర్ గొప్పదైపోలేదు. చాలకాలము అది చేతికి మొరటుగా ఉండెడిది. దానిని పదునుపెట్టుటకు ఫౌండేషన్‌వారు ఎన్నుకొన్న మార్గము చిత్రమైనది: చిత్రకారులను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకచోట కూర్చుండబెట్టి, చలనచిత్రము తీయించి, పని అడ్డుపడినచోటనెల్ల పనిముట్టును దిద్దుట. అట్లు 2006లో వెలువడినదే ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’. పదకొండు నిమిషములైనను నిండని ఆ చిత్రపు కథ నాకు నేటికిని సరిగా బోధపడలేదు. కాని చిత్రముతోపాటు దానిని నిర్మించిన ఫైళ్ళనన్నిటిని బయటపెట్టినారు. ఏ నీడ ఎట్లు పడినదో, ఏ వేలు ఎట్లు వంగినదో విప్పి చూచుకొనవచ్చును. అప్పటి కంప్యూటర్లకు అది మోయరాని బరువు. బొమ్మలను తుదిరూపునకు తెచ్చుటకు అమెరికాలోని బోవీ స్టేట్ విశ్వవిద్యాలయమువారి కంప్యూటర్ల సముదాయమును ఆశ్రయింపవలసివచ్చినది.

లాత్వియాకు చెందిన గింట్స్ జిల్బలోడిస్ ‘ఫ్లో’ అను చిత్రమును బ్లెండర్‌తోనే తీసినారు. వరదలో చిక్కిన ఒక పిల్లి కథ. అందులో మాట ఒక్కటియు లేదు. 2024లో విడుదలైన ఆ చిత్రమునకు 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కార్ బహుమతి వచ్చినది. ఆ దేశమునకు అదే తొలి ఆస్కార్. దాని తుదిబొమ్మలను సిద్ధపరచినది కంప్యూటర్ల సముదాయము కాదు, దర్శకుని సొంత కంప్యూటరు.