నీలి గసగసాల విత్తన సేకరణ: ఒక చరిత్ర

చెట్ల పలచని నీడలో, ఆకులు కుళ్లి ఏర్పడిన తేమ నేలలో పెరుగుతూ, చలికాలంలో పైభాగం ఎండిపోయినా వేరుమొదలు బతికి ఉండి వసంతంలో మళ్లీ చిగురించే మొక్కలను అటవీ బహువార్షిక గుల్మాలు అంటారు. బ్రిటన్ తోటమాలులు ఇరవయ్యో శతాబ్దంలో వీటిలో అత్యంత అపురూపంగా చూసుకున్నది హిమాలయాల తూర్పు కొసన పుట్టిన నీలి గసగసాల మొక్క, అనగా మెకనాప్సిస్.

ఈ రకపు మొక్కను ఫ్రెంచి మతప్రచారకుడు దెలవే 1886లో చైనాలోని యునాన్‌లో సేకరించాడు. బ్రిటిష్ ఇండియా సైన్యాధికారి ఎఫ్.ఎం. బెయిలీ 1913లో ఆగ్నేయ టిబెట్‌లోని రోంగ్ చూ లోయలో చూసి, ఒక పువ్వును పుస్తకంలో అదిమి తెచ్చాడు. ఎండిన నమూనా పేరు పెట్టడానికి సరిపోయింది గాని, దానితో తోట మొలవలేదు. విత్తనాలు తెచ్చి ఆ కొరతను తీర్చినది 1924లో అదే ప్రాంతానికి వెళ్లిన మొక్కల సేకర్త ఫ్రాంక్ కింగ్డన్-వార్డ్. పూత వేసవిలో వస్తే కాయ పండేది శరదృతువులో; అప్పటికి రేకులు రాలి, ఏది ఏ మొక్కో పోల్చుకోవడమే కష్టం గనుక, పూసినప్పుడే చోటు గుర్తుపెట్టుకుని, నెలల తరువాత మంచు పడుతున్న కొండలెక్కి కాయలు కోయవలసి ఉండేది. కనుగొన్నవారికి దక్కిన కీర్తిలో సగమైనా ఈ రెండో ప్రయాణానికి దక్కవలసింది. ఆ విత్తనాల మొక్కలు 1926 నాటికే లండన్‌లో ప్రదర్శనకెక్కాయి.

ఇంతటి పనికి డబ్బు పెట్టినవారిలో ముందు చెప్పవలసినది లివర్‌పూల్ పత్తి వ్యాపారి ఎ.కె. బుల్లీ గురించి. ఆయన తొలుత మతప్రచారకులను విత్తనాలు పంపమని కోరగా వచ్చినవి చాలావరకు కలుపు మొక్కలే కావడంతో, 1904లో జార్జ్ ఫారెస్ట్‌ను, 1911లో కింగ్డన్-వార్డ్‌ను స్వయంగా యునాన్‌కు పంపాడు. తరువాతి యాత్రలకు తోటల యజమానులు చందాలు వేసుకుని, వచ్చిన విత్తనాన్ని వాటాలుగా పంచుకున్నారు. అయితే ఫారెస్ట్ పేరిట చేరిన సేకరణలో అధిక భాగం లిజియాంగ్ సమీప గ్రామానికి చెందిన నాషీ తెగవారి కష్టఫలితం. వారికి నాయకుడైన జావో చెంగ్‌జాంగ్ పేరు ఏ విత్తన పొట్లం మీదా అచ్చుకాకపోవడం ఈ చరిత్రలోని పెద్ద అన్యాయం.

విత్తనం చేరినంత మాత్రాన పని ముగియదు. మెకనాప్సిస్ విత్తనానికి ఆయువు తక్కువ గనుక తాజాగా ఉండగానే, లేదా చల్లగా దాచి చలికాలం చివర, మట్టి పైపైన చల్లి, ఆరిపోకుండా చల్లని చోట ఉంచాలి. మొలక దశలో తేమ మితిమీరితే నారుకుళ్లు సోకుతుంది. బలహీనమైన మొక్క ఒకసారి పూసి చనిపోయే ప్రమాదం ఉన్నందున, మొదటి ఏడాది మొగ్గను తుంచి మొదలును బలపడనివ్వడం అనుభవజ్ఞుల పద్ధతి. ఉత్తర అమెరికా అడవుల ట్రిలియం మరింత ఓర్పు కోరుతుంది: చాలా జాతులలో ఒక చలికాలం తరువాత వేరు, రెండో చలికాలం తరువాతే ఆకు వెలువడతాయి.

1929లో ఏర్పడిన ఆల్పైన్ గార్డెన్ సొసైటీ, 1933లో ఏర్పడిన స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్ సభ్యుల తోటల విత్తనాలను ఏటా పంచే ఏర్పాట్లతో, యాత్రలకు చందా కట్టలేని సామాన్యులకూ ఈ మొక్కలను అందించాయి. జీవవైవిధ్యంపై ఆయా దేశాలకు సార్వభౌమ హక్కును గుర్తించిన 1992 నాటి ఒప్పందం తరువాత, అడవి నుంచి నేరుగా సేకరించడానికి ఆ దేశపు అనుమతి ముఖ్యమై, తోట విత్తనం విలువ పెరిగింది. కానీ దగ్గరి జాతులను పక్కపక్కన పెంచితే సంకరం జరుగుతుంది గనుక, పుట్టిన లోయ, సేకరణ సంఖ్య నమోదై ఉండి, విడిగా పెంచిన మొక్క నుంచి తీసిన విత్తనాన్నే జాగ్రత్తగల తోటమాలులు కోరుకుంటున్నారు.