పల్నాటి యుద్ధం (1947): రీలు కన్నా పాటల పుస్తకానికే ఎందుకంత డిమాండ్?

బొల్లారం నుంచి మాట్లాడుతున్నా. రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం కాదు, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల బొల్లారం.

'పల్నాటి యుద్ధం' అనగానే ఎన్టీఆర్, భానుమతి గుర్తొస్తే, అది 1966 సినిమా. నేను చెప్పేది అంతకు ముందుది, 1947లో వచ్చింది. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడిగా కుర్ర అక్కినేని.

మొదలుపెట్టింది గూడవల్లి రామబ్రహ్మం. అంటరానితనం మీద 'మాలపిల్ల' (1938), జమీందారీ మీద 'రైతుబిడ్డ' (1939) తీసినాయన. అలాంటాయన పల్నాడు కథ పట్టుకున్నది కోడిపందెం కోసం కాదు, చాపకూడు కోసమే అని నా లెక్క. అన్ని కులాలనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడు ఆయనకి నచ్చకుండా ఎలా ఉంటాడు? 1946లో రామబ్రహ్మం చనిపోయారు. సినిమాని ఎల్వీ ప్రసాద్ పూర్తి చేశారు. ఏ సీను ఎవరు తీశారో అని వాదించుకోవడం పాత సినిమా పిచ్చోళ్లకి ఇప్పటికీ టైంపాసే.

మరి కలెక్టర్లు ఒరిజినల్ రీలు కోసం కదా ఎగబడాలి? ఇక్కడే కెమిస్ట్రీ ఉంది. 1950ల మొదటి దాకా ముప్పై అయిదు ఎంఎం సినిమాలకి ఎక్కువగా వాడింది నైట్రేట్ ఫిలిం, అంటే నైట్రోసెల్యులోజ్. తుపాకీ మందు కూడా అదే కుటుంబం. అంటుకుంటే ఆక్సిజన్ తనే ఇచ్చుకుంటుంది, నీళ్లలో ముంచినా కాలుతుంది. మా ఏరియాలో డ్రమ్ముల మీద మంట బొమ్మ చూసి పెరిగినోళ్లకి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2003లో పుణెలో ఇలాంటి రీళ్లు చాలానే కాలి బూడిదయ్యాయి. ఇంట్లో బీరువాలో పెట్టుకునే వస్తువు కాదది. పైగా ఫిలింలో వెండి ఉంటుంది, దానికోసం పాత ప్రింట్లని కరిగించేశారు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటే దొరకట్లేదు.

అందుకే కాగితానికి అంత గిరాకీ. హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకంలో నటీనటుల పేర్లు, పాటలు, కథ ఉండేవి. కథ కూడా సగమే! సస్పెన్స్ దగ్గర ఆపి 'శేషం వెండితెరపై' అనేవాళ్లు. ప్రింటు పోయిన సినిమాకి ఆ శేషం ఎక్కడా లేదు.

మీ తాతయ్య ట్రంకు పెట్టెలో అలాంటిది కనిపిస్తే పాత పేపర్లతో పాటు తూకానికి వేసేయకండి. ముందు ప్రతి పేజీ ఫొటో తీయండి, వెనక అట్ట మీద ప్రెస్సు పేరుతో సహా.