పండుగ మరునాటి వంటకము

రాజుల విజయములకు శాసనములు కలవు. వర్తకుల లాభనష్టములకు ఖాతాలు కలవు. ఇల్లాలి వంటకు మాత్రము అట్టి ఆధారములు అరుదు. అయినను పరదేశమునుండి వచ్చిన వంటకము ఒక జాతికి స్వంతమగుట ఎట్లో తెలియవలెనన్న వంటింటివైపే చూడవలసియుండును. స్పెయిన్ దేశమునకు ఈశాన్యమున ఉన్న కాటలోనియాలో ప్రసిద్ధమైన కానెలోన్స్ అను వంటకమును గురించి నేడు ముచ్చటింపదలచుటకు మాకు గల కారణమిదే.

కానెలోన్స్ అనగా గోధుమపిండితో చేసిన పాస్టా పలకలలో మాంసము కూరి, చుట్టలుగా చుట్టి, ఓవెన్‌లో కాల్చిన పదార్థము. కాటలోనియా ప్రజలు దీనిని ముఖ్యముగా డిసెంబరు 26వ తేదీన, సెయింట్ స్టీఫెన్ పండుగనాడు, భుజింతురు. స్పెయిన్‌లోని పెక్కు ప్రాంతములలో అది పనిదినమే, కాటలోనియాలో సెలవుదినము. ముందటి దినము క్రిస్మసు. ఆనాడు పెద్ద కుండలో కోడి, పంది, దూడ మాంసములు, కూరగాయలు, సెనగలు కలిపి ఉడికించి, ఆ రసమును మొదట, మాంసమును పిదప వడ్డింతురు. ఎంతమంది తిన్నను కుండ అడుగున కొంత మిగులును. ఆ మిగిలినదే మరునాటి వంటకు మూలధనము.

ఇల్లాలు ఆ మాంసమునుండి ఎముకలు తీసి, కైమాగా కొట్టి, ఎర్రగా వేగిన ఉల్లిపాయలతో కలుపును. చదరపు పలకలను ఉప్పునీట ఉడికించి, తడి ఆరుటకు శుభ్రమైన గుడ్డపై పరచును. ఒక్కొక్క పలకపై చెంచాడు కైమా ఉంచి చుట్టి, వెన్న రాచిన పళ్ళెములో వరుసగా పేర్చును. వెన్నలో మైదా వేయించి, ఉండకట్టకుండ పాలు పోయుచు కలిపి, జాజికాయ పొడి వేసిన చిక్కని తెల్ల సాసును వానిపై పోయును. తురిమిన చీజు చల్లి, పైభాగము బంగారు రంగు తిరుగువరకు కాల్చును. కొద్దిపాటి మాంసము పెద్ద కుటుంబమునకు చాలుటయే ఇందలి కిటుకు.

ఈ వంటకమునకు పుట్టినిల్లు కాటలోనియా కాదు. పేరు ఇటాలియన్ పదమునుండి వచ్చినది. దానికి పెద్ద గొట్టము అని అర్థము. పైన పోయు సాసు ఫ్రెంచివారిది; 14వ లూయీ కొలువులోని అధికారి లూయీ ద బెషమే పేరిట అది బెషమెల్ అనబడుచున్నది. 18వ శతాబ్ది చివరినుండి ఇటాలియన్ వంటవారు, పూటకూళ్ళవారు బార్సెలోనాలో స్థిరపడసాగిరి. 19వ శతాబ్దిలో నూలుమిల్లుల వలన ఆ నగరమున ధనికవర్గము పెరిగినది. 1847లో లిసేవు సంగీత నాటకశాల తెరవబడినది. అందు ఇటాలియన్ ఒపేరాకు ఆదరము మెండు. ఆ ధనికులే భోజనశాలలలో ఫ్రెంచి, ఇటాలియన్ వంటకములను కోరిరి. కానెలోన్స్ మొదట వారి విందుభోజనము. భోజనప్రియుడైన సంగీతకర్త రొస్సీని పేరు అందులో ఒక రకమునకు నేటికిని నిలిచియున్నది.

అది సామాన్యుల ఇంటికి వచ్చుటకు రెండు కారణములు కనబడుచున్నవి. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో ఎండబెట్టిన పలకలు పెట్టెలలో అమ్మకమునకు వచ్చుట ఒకటి. అంతకంటె ముఖ్యమైనది ఇల్లాలి పొదుపు. భోజనశాల వంటవాడు కూరుటకై మాంసము కొనెను. ఆమె మిగిలినదానిని కూరెను.

1936 నుండి 1939 వరకు స్పెయిన్‌లో అంతర్యుద్ధము సాగినది. పిదప 1952 వరకు ఆహారమునకు రేషను ఉండెను. ఫ్రాంకో ప్రభుత్వము కాటలాన్ భాషను పాఠశాలలనుండి, కార్యాలయములనుండి వెలివేసినది. బడిలో వినబడని భాష ఇంటిలో నిలిచినది. తల్లి కుమార్తెకు వంట నేర్పిన భాష అదియే. మాంసము దొరకుటే కష్టమైన ఆ దినములలో మిగులును విందుగా మార్చు నేర్పు వేడుక కాదు, అవసరము.

నేడు పెక్కు ఇండ్లలో ఈ వంటకై మిగులుకు ఎదురుచూడరు. మాంసమును ప్రత్యేకముగా కొని వండుదురు. సిద్ధముగా చేసినవి దుకాణములలోను దొరకును. అయినను డిసెంబరు 26న బంధువులు ఒక బల్లచుట్టు చేరుట మానలేదు. పలక ఇటలీది, సాసు ఫ్రాన్సుది. ఆ తేదీయు, ఆ పొదుపును మాత్రము కాటలోనియా ఇల్లాండ్రవి. వారిలో అత్యధికుల పేర్లు ఏ గ్రంథమునకును ఎక్కలేదు. వంటకము ఎక్కడ పుట్టినదో చెప్పుట చరిత్రలో సగము. దానిని ఎవరు నిలిపిరో చెప్పుట తక్కిన సగమని మా అభిప్రాయము.