క్యాన్సర్ వ్యాప్తి – చుట్టూ ఉన్న కణజాలం

క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం మొదట పుట్టిన గడ్డ కాదు, అక్కడి నుంచి కాలేయానికో ఊపిరితిత్తులకో ఎముకలకో పాకిన కణాలు. అవి పాకడంలో చుట్టూ ఉన్న కణజాలం ఏం చేస్తుందన్న ప్రశ్న 1889లో మొదలైంది. ఆ ఏడాది లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించారు. కాలేయంలో తరచుగా కనిపించిన గడ్డలు ప్లీహంలో అరుదుగా ఉన్నాయి. రక్తం వెంట కొట్టుకుపోవడమే కారణమైతే ఇంత తేడా రాదు. విత్తనం నలుదిక్కులా పడినా అనువైన నేలలోనే మొలుస్తుందని ఆయన ‘లాన్సెట్’ పత్రికలో వాదించారు. 1920ల్లో అమెరికా పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్ దీన్ని కాదని, రక్తనాళాల అమరికతోనే అంతా వివరించవచ్చన్నారు. చాలాకాలం ఆయన మాటే చెల్లింది. ఐజయా ఫిడ్లర్ 1970, 80 దశకాల్లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో పేజెట్ ఆలోచనకు మళ్లీ బలం వచ్చింది.

1984లో మినా బిస్సెల్ బృందం చూపించిన సంగతి మరింత ఆశ్చర్యకరం. పెరిగిన కోడిలో గడ్డ పుట్టించే రౌస్ సార్కోమా వైరస్, గుడ్డులోని పిండానికి సోకినా గడ్డ పుట్టలేదు. వైరస్ తెచ్చిన క్యాన్సర్ జన్యువు ఉండి కూడా పరిసరం ఒప్పుకోలేదన్నమాట.

చర్మం పైపొర, పేగు, రొమ్ము గ్రంథుల లోపొరల అడుగున బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలుచని తెర ఉంటుంది. దాన్ని దాటనిదే క్యాన్సర్ కణం బయటికి రాలేదు. ఆ తెరలో ముఖ్యమైన పదార్థం నాలుగో రకం కొలాజెన్. పాకే శక్తి ఎక్కువగా ఉన్న కణాలు ఈ కొలాజెన్‌ను కరిగించే ఎంజైములను కూడా ఎక్కువగా వదులుతాయని 1980లో లాన్స్ లియోటా బృందం తేల్చింది. భారత సంతతి శాస్త్రవేత్త రఘు కల్లూరి పరిశోధన కూడా ఈ కొలాజెన్‌తోనే మొదలైంది, అయితే అప్పటి ఆయన విషయం మూత్రపిండాల జబ్బులు. తర్వాత హార్వర్డ్‌లో ఆయన బృందం ఆ కొలాజెన్ ముక్కల్లో ఒకటైన టమ్‌స్టాటిన్ కొత్త రక్తనాళాల పెరుగుదలను అడ్డుకుంటుందని గుర్తించింది. గడ్డకు దారి ఇచ్చే తెరలోనే గడ్డను ఆపే సరుకు కూడా ఉంది.

గాయం మానేటప్పుడు కొలాజెన్ నేసే కణాలు ఫైబ్రోబ్లాస్టులు. గడ్డ చుట్టూ కూడా అవే చేరతాయి. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ క్యాన్సర్ గడ్డను మానని గాయంగా వర్ణించింది అందుకే. కొలాజెన్ పేరుకుపోవడమే క్యాన్సర్‌కు ముందు దశ కావడం మన దగ్గర కళ్ళారా చూడొచ్చు. గుట్కా, వక్క నమిలేవారిలో చెంప లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ వస్తుంది. ఇలాంటి నోళ్లలో కొన్నింట్లో తర్వాత క్యాన్సర్ పుడుతుంది.

దీంతో ఫైబ్రోబ్లాస్టులు గడ్డకు తోడుదొంగలనీ, వాటిని తొలగిస్తే వ్యాధి తగ్గుతుందనీ చాలామంది నమ్మారు. 2012లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌కు వెళ్లిన కల్లూరి బృందం ఈ నమ్మకాన్ని సూటిగా పరీక్షించింది. క్లోమ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో ఆ కణాలను తొలగిస్తే గడ్డ మరింత దూకుడుగా పాకింది, రోగనిరోధక శక్తి అణగారింది, ఎలుకలు త్వరగా చనిపోయాయి. 2014లో ‘క్యాన్సర్ సెల్’ పత్రికలో వచ్చిన ఈ ఫలితం ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపని చెప్పాలి. అదే సంచికలో మరో బృందమూ ఇలాంటి ఫలితమే ప్రకటించింది. గడ్డ చుట్టూ ఫైబ్రోబ్లాస్టులు పెంచే తంతుకణజాలాన్ని తగ్గించే ఉద్దేశంతో రోగులకు ఇచ్చిన ఒక మందు ప్రయోగాన్ని, మందు తీసుకున్నవారి పరిస్థితే అధ్వానంగా ఉండటంతో 2012లోనే ఆపేశారు.

కణాలు ఒకదానికొకటి పంపుకొనే ఎక్సోసోములు అనే అతిసూక్ష్మ సంచుల మీదా కల్లూరి బృందం పనిచేసింది. వాటిలో మందు నింపి, క్లోమ క్యాన్సర్‌ను నడిపే కేరాస్ జన్యువును ఎలుకల్లో అణచగలిగామని 2017లో ‘నేచర్’లో ప్రకటించింది. ఆ పద్ధతి మీద ఎం.డి. ఆండర్సన్‌లోనే రోగులతో తొలిదశ ప్రయోగం మొదలైంది.