46వ కీర్తన

46వ కీర్తన బైబిలు పాత నిబంధనలోని కీర్తనల గ్రంథమునకు చెందినది. కష్టకాలములో దేవుడే ఆశ్రయమనే విశ్వాసము దీనిలోని ప్రధాన విషయము. యూదులకు, క్రైస్తవులకు కూడా ఇది పవిత్ర గ్రంథ భాగమే. యుద్ధము, తెగులు, భూకంపము వంటి విపత్తులు సంభవించినప్పుడు క్రైస్తవులు ఆదరణ కొరకు చదివే భాగాలలో ఇది ముఖ్యమైనది. జర్మనీకి చెందిన మత సంస్కర్త మార్టిన్ లూథర్ (1483-1546) రచించిన ప్రసిద్ధ స్తుతిగీతానికి ఈ కీర్తనే ఆధారము.

శీర్షిక, సంఖ్య

కీర్తనల గ్రంథములోని ఐదు భాగాలలో రెండవ భాగము 42వ కీర్తనతో మొదలై 72వ కీర్తనతో ముగుస్తుంది. 46వ కీర్తన ఆ రెండవ భాగములోనిది. దీని శీర్షికలో కోరహు కుమారుల పేరు ఉన్నది. వీరు దేవాలయ గాయకులైన లేవీయులు. శీర్షికలోని "అలామోతు" అనే మాట సంగీతానికి సంబంధించినదని భావిస్తారు గాని దాని అర్థము నిర్ధారణ కాలేదు. ప్రాచీన గ్రీకు అనువాదములోను, లాటిన్ అనువాదములోను ఇది 45వ కీర్తనగా లెక్కింపబడినది.

నిర్మాణము, భావము

తెలుగు బైబిలులో ఈ కీర్తనకు 11 వచనాలు ఉన్నాయి. "సెలా" అనే మాట 3, 7, 11 వచనాల చివర వస్తుంది. దీనిని బట్టి కీర్తనను మూడు భాగాలుగా విభజిస్తారు.

మొదటి భాగములో భూమి మార్పు చెందినా, పర్వతాలు సముద్రములో మునిగినా భయపడబోమని భక్తులు చెప్పుకుంటారు. రెండవ భాగములో దేవుని పట్టణమును సంతోషపెట్టే ఒక నది, ఆ పట్టణముపై ఘోషించే జనములు కనిపిస్తాయి. మూడవ భాగములో దేవుడు యుద్ధములను మాన్పి, విల్లును, ఈటెను, రథములను నాశనము చేస్తాడు. దేవుడు తమకు తోడుగా ఉన్నాడనే పల్లవి 7, 11 వచనాలలో ఒకే విధముగా వస్తుంది.

మొదటి వచనములో ఆశ్రయమునకు వాడిన హెబ్రీ పదము "మహసే". గాలివాన నుండి తలదాచుకొనే చోటు అని దీని భావము. పల్లవిలోని "మిస్గాబ్" అనే పదానికి శత్రువుకు అందని ఎత్తైన కోట అని అర్థము. ఈ రెండు పదాలూ ఆపద ఉన్నదనే చెబుతున్నాయి. వాన లేనిచోట గొడుగుతో పనిలేదు. అందుచేత ఈ కీర్తన కష్టాలు రావని వాగ్దానము చేయడము లేదని, కష్టాల నడుమ దేవుని సన్నిధిని గురించి చెబుతున్నదని వ్యాఖ్యాతలు వివరిస్తారు.

10వ వచనములో ఊరకుండుడని చెప్పే ఆజ్ఞకు హెబ్రీలో "చేతులు సడలించండి, విడిచిపెట్టండి" అనే అర్థము ఉన్నది. నేడు దీనిని చాలామంది మౌనధ్యానానికి పిలుపుగా తీసుకుంటారు. ముందున్న వచనము ఆయుధ నాశనమును గురించినది కనుక, యుద్ధము చేసే జనములను ఆపమని చెప్పిన మాటగా కూడా దీనిని గ్రహిస్తారు.

చారిత్రక నేపథ్యము

ఈ కీర్తన ఏ కాలమునాటిదో కీర్తనలో చెప్పబడలేదు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా దేశముపై దండెత్తిన సంఘటనతో కొందరు పండితులు దీనిని ముడిపెడతారు. అప్పుడు యెరూషలేములో హిజ్కియా రాజు పాలిస్తున్నాడు. తాను 46 ప్రాకార పట్టణాలను పట్టుకొన్నట్లు, హిజ్కియాను యెరూషలేములో బంధించినట్లు, అతని వద్ద కప్పము గైకొన్నట్లు సన్హెరీబు తన శాసనములో వ్రాయించుకొన్నాడు. యెరూషలేమును పట్టుకొన్నట్లు మాత్రము అందులో లేదు.

యెరూషలేమునకు పెద్ద నది ఏదీ లేదు. గీహోను అనే ఊట దాని ప్రధాన నీటి ఆధారము. ఆ నీటిని పట్టణము లోపలికి తెచ్చే సుమారు 533 మీటర్ల సొరంగము హిజ్కియా కాలమునాటిదని ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు. దానిలోని హెబ్రీ శాసనము 1880లో బయటపడినది. అయితే నీటిని సమకూర్చుకొని, గోడలను బలపరచుకొని, దేవుని వైపు చూడలేదని యెషయా గ్రంథము 22వ అధ్యాయము ప్రజలను మందలిస్తుంది.

పట్టణము పతనమైన తరువాత

క్రీ.పూ. 587 లేదా 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యము యెరూషలేమును, దేవాలయమును నాశనము చేసినది. చలింపదని కీర్తన చెప్పిన పట్టణము కూలిపోవడము విశ్వాసులకు కఠినమైన ప్రశ్న అయినది. దేవాలయము ఉన్నదనే ధీమాతో అన్యాయము చేసేవారిని యిర్మీయా ప్రవక్త అంతకు ముందే హెచ్చరించాడు (యిర్మీయా గ్రంథము, 7వ అధ్యాయము). ఆశ్రయము దేవుడే గాని కోటగోడలు కావని తరువాతి తరాలు గ్రహించాయి. పట్టణము పోయినా కీర్తన నిలిచి ఉండడానికి ఈ అవగాహన తోడ్పడినది.

లూథర్, తెగులు

1527లో విట్టెన్‌బర్గ్ పట్టణములో ప్లేగు వ్యాపించినది. విశ్వవిద్యాలయమును యేనా పట్టణానికి తరలించారు. లూథర్ మాత్రము అక్కడే ఉండి రోగులకు పరిచర్య చేశాడు. ప్రాణాంతకమైన తెగులు నుండి పారిపోవచ్చునా అనే ప్రశ్నకు సమాధానముగా ఆ సంవత్సరమే ఒక చిన్న గ్రంథము వ్రాశాడు. బోధకులు, అధికారులు, రోగులను చూడవలసినవారు తమ బాధ్యతను విడువరాదని, ఇతరులు వెళ్ళిపోవడము తప్పు కాదని అందులో వివరించాడు. దేవునిపై నమ్మకము పేరుతో మందులను, జాగ్రత్తలను తిరస్కరించడము విశ్వాసము కాదని, దేవుని శోధించడమని పేర్కొన్నాడు. ఆ డిసెంబరులో జన్మించిన ఆయన కుమార్తె ఎలిసబెత్ 1528 ఆగస్టులో మరణించినది.

46వ కీర్తన ఆధారముగా లూథర్ రచించిన స్తుతిగీతము 1527-1529 మధ్య కాలమునాటిదని భావిస్తారు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ దానిపై ఒక కాంటాటాను కూర్చాడు. ఫెలిక్స్ మెండెల్‌సన్ తన ఐదవ సింఫనీ చివరి భాగములో దాని రాగమును ఉపయోగించాడు.

తెలుగు క్రైస్తవులలో

లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. ఆ కృషి ఫలితముగా 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడినది. లూథర్ స్తుతిగీతము తెలుగులోనికి కూడా అనువదింపబడినది.

ఆధునిక కాలములో

2011 సెప్టెంబరు 11న, న్యూయార్క్ జంట భవనాలపై దాడి జరిగి పదేళ్ళు నిండిన సందర్భములో, నాటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆ స్థలములో ఈ కీర్తనను చదివాడు. ఆప్తులను కోల్పోయినవారి ఎదుట దీనిని చదవడము, ఇది ఆపద తప్పినవారికి మాత్రమే చెందిన కీర్తన కాదని తెలుపుతుంది.