చిల్లుగిన్నె కథ

నర్సీపట్నంలో మా మిత్రుని ఇంట, ముందుగది గోడమీద ఒక రాగి గడియారం ఉంది. పళ్ళెమంత రాగిరేకు. దానిపై రంగేమీ పూయలేదు. అయినా అంచున నీలం, దాని లోపల ఊదా, ఆపైన దానిమ్మగింజ ఎరుపు, నడుమ నారింజ ఛాయ. అన్నీ నిప్పు వేసిన రంగులే. కిందటి వేసవిలో మేమిద్దరం కూర్చుని చేసిన వస్తువది. దానిని చూసిన వారందరూ "రాగితో గడియారమేమిటి, వింతగా ఉందే!" అన్నారు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఒక పాత తప్పు గుర్తుకు వస్తుంది.

మా తాతగారి కాలం నాటి ఇల్లు ఖాళీ చేసిన రోజున ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, రాగి చెంబులు తూకానికి అమ్మేశాము. వాటిలో దోసెడంత రాగిగిన్నె ఒకటి ఉంది. పలుచగా, అర్ధగోళంలా, అడుగున సూదిమొన పట్టేంత చిల్లుతో. తూకం వేసేవాడు దానిని వెలుగుకెత్తి చూసి "చిల్లుగిన్నె, దేనికీ పనికిరాదు" అన్నాడు. తలూపింది నేనే. అది గడియకుడుక అనీ, ఆ చిల్లే దాని ప్రాణమనీ తెలిసేసరికి చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

మన భాష ఆ సంగతిని దాచుకోలేదు. ఘటమంటే కుండ, ఘటిక అంటే చిన్న కుండ. ఆ ఘటికయే తెలుగులో గడియ అయింది. చిన్న కుండ నిండి మునగడానికి పట్టే కాలానికి ఆ కుండ పేరే నిలిచిపోయింది. పగలూ రాత్రీ కలిపి అరవై గడియలు. గడియకు మన లెక్కలో ఇరవై నాలుగు నిమిషాలు. గడియలో అరవయ్యో వంతు విఘడియ, అంటే ఇరవై నాలుగు సెకన్లు. ఏడున్నర గడియలు ఒక జాము, రెండు గడియలు ఒక ముహూర్తం. "గడియ పురసత్తు లేదు, గవ్వ రాకడ లేదు" అనే సామెతలో ఉన్నదీ ఆ గిన్నె మునిగే కాలమే.

పనితీరు చాలా సులభం. వెడల్పాటి పాత్రలో నిర్మలమైన నీరు పోసి, దానిపై ఈ గిన్నెను తేలవేస్తారు. అడుగు చిల్లులోంచి నీరు సన్నగా పైకెక్కుతుంది. గిన్నె బరువెక్కి, చివరికి బుడుంగున మునుగుతుంది. అది ఒక గడియ. వెంటనే తీసి, నీరు వంపి, మళ్ళీ తేలవేయాలి. రోజుకు సరిగ్గా అరవై సార్లు మునిగే రాగిపాత్ర అని సూర్యసిద్ధాంతం దానిని వర్ణించింది. రాగి ఎందుకంటే, అది సుత్తిదెబ్బకు పలుచగా సాగుతుంది, ఇనుములాగా నీటిలో తుప్పుపట్టి చిల్లును పూడ్చదు, నీటికన్నా తొమ్మిదింతలకు దగ్గరగా బరువు గనుక నిండగానే తటపటాయించకుండా మునుగుతుంది.

ఎనిమిదవ శతాబ్ది వాడైన లల్లుడు దీనికి కొలతలు కూడా చెప్పాడు. పది పలాల రాగి, పన్నెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు, చిల్లు పొడవడానికి ఇంత బరువుగల బంగారు సూది. (ఇవి ఆనాటి అంగుళాలు, ఒక్కొక్కటి వేలి వెడల్పు మాత్రమే.) 1150లో సిద్ధాంతశిరోమణి వ్రాసిన భాస్కరాచార్యుడు ఈ కొలతలను ఒప్పుకోలేదు. అవి యుక్తికి నిలవవనీ, అలా చేయడం కష్టమనీ ఆయన అభిప్రాయం. గిన్నె ఏ కొలతదైనా కానీ, రోజుకు ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టి, దానినిబట్టి కాలం కట్టుకుంటే చాలునన్నాడు. కొలతను శాస్త్రవాక్యం మీద కాక పరీక్ష మీద నిలబెట్టిన ఈ మాట నాకు చాలా ఇష్టం. ఆ భాస్కరుని పేరనే లీలావతి కథ కూడా ఉంది. కూతురి పెళ్ళి ముహూర్తానికై గిన్నెను నీటిపై ఉంచగా, వంగి చూస్తున్న పిల్ల నగలోని ముత్యం జారి చిల్లుకు అడ్డుపడిందట. గిన్నె మునగలేదు, ముహూర్తం దాటిపోయింది. 1587లో ఫైజీ లీలావతిని పారశీకంలోకి అనువదిస్తూ ఈ కథను చెప్పాడు. చరిత్ర కాకపోవచ్చు గాని, ఆ చిల్లుమీద ఎంత బరువు ఉండేదో చెప్పడానికి అంతకన్నా మంచి కథ లేదు.

గిన్నె తన కాలాన్ని తానొక్కతే చూస్తుంది. ఊరికి చెప్పాలంటే గంట కావాలి. ఏడవ శతాబ్దిలో నలందలో చదువుకున్న చీనా యాత్రికుడు ఇత్సింగు అక్కడి విహారాలలో రాగిగిన్నె మునకలు లెక్కపెట్టి భేరి మోగించడం చూసి వ్రాసిపెట్టాడు. బాబరు తన స్వీయచరిత్రలో ఈ దేశపు పట్టణాలలో గడియలు కొట్టేవారిని గూర్చి వివరంగా చెప్పాడు. రాత్రివేళ గడియల సంఖ్య మాత్రమే కొడితే నిద్రలేచినవాడికి అది ఏ జామో తెలియదని, గడియల తరువాత జాము సంఖ్యను కూడా కొట్టమని ఆజ్ఞాపించానన్నాడు. ఈ నీటిగడియారాల చరిత్రను మన కాలంలో ఓపికగా వెలికితీసినవారు ఆలీగఢ్‌లో సంస్కృతాచార్యులుగా పనిచేసిన శ్రీరాముల రాజేశ్వర శర్మగారు. పెళ్ళి పందిట్లో గడియకుడుకను నిలిపే విధిని గూర్చి వారు వ్రాసినది చదివిన రోజుననే, నేను తూకానికి వేసినదేమిటో నాకు తెలిసింది.

మా ప్రాంతానికి కొత్త కాలం సముద్రం వైపునుండి వచ్చింది. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలోని డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, 1874 డిసెంబరులో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని గమనించాడు. నక్షత్రాలను చూసి సరిదిద్దిన కాలాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండమీది ధ్వజస్తంభం నుండి ఊరికి అందించడం కూడా ఆ వేధశాల పనులలో ఒకటి. తరువాత రైలు వచ్చింది. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది.

ఇక్కడ నర్సీపట్నానికి ఒక చిన్న విశేషం ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. నర్సీపట్నం ఉన్నది సుమారు 82.6 డిగ్రీల వద్ద. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన, ఆ ఊరి సొంత కాలానికీ దేశపు కాలానికీ సగటున తేడా పాతిక సెకన్లే, అనగా ఒక్క విఘడియ. తాతముత్తాతల కాలమూ గోడగడియారపు కాలమూ ఇంత దగ్గరగా నిలిచిన ఊళ్ళు దేశంలో ఎక్కువ లేవు.

అందుకే గడియారం అక్కడే చేద్దామన్నాను. రాగిరేకును చింతపండుతో, ఉప్పుతో తోమి, కడిగి, తుడిచాము. తరువాత వేలు తగలకూడదు. వేలి జిడ్డు పడ్డచోట నిప్పు వేరే రంగు వేస్తుంది. వెనుకనుండి మంట తగిలిస్తుంటే ముందువైపు మొదట నారింజ రంగు, పిదప ఎరుపు, ఊదా, నీలం వరుసగా పాకుతాయి. ఇంకా కాలిస్తే రంగులు వెలవెలబోయి చివరికి నల్లని పొర మిగులుతుంది. గాలిలోని ఆమ్లజని రాగితో కలిసి ఏర్పరచే పలుచని పొర మందమే ఈ రంగులకు మూలం. పొర పైనుండీ అడుగునుండీ తిరిగివచ్చే వెలుగులు కలిసి, కొన్ని రంగులు చెరిగి కొన్ని నిలుస్తాయి. వాననీటిపై నూనెచుక్క చూపే రంగులూ ఇటువంటివే. మంట తీసినా వేడి ఆగదు గనుక, కోరిన రంగుకు ఒక మెట్టు ముందే చేయి వెనక్కు తీసుకోవాలి. మొదటి రేకును అలా తీయలేకనే నలుపు చేసుకున్నాము. రెండవది కుదిరింది. తేమకు మాసిపోకుండా పైన పారదర్శకమైన వార్నిషు పూశాము.

ముళ్ళ యంత్రం బజారులో కొన్నదే. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దానిని బిగించడానికి రేకు నడుమ ఒక రంధ్రం కావాలి. మిత్రుడు బరమా నా చేతికిచ్చి "నువ్వే పెట్టు" అన్నాడు. అతనికి మా ఇంటి గిన్నె సంగతి తెలుసు. బరమా దిగి, రాగిపొడి రాలి, అవతలి వెలుగు కనిపించింది. అమ్మిన గిన్నె తిరిగి రాదు. మీ ఇళ్ళలో అటకమీద అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నె ఏదైనా ఉంటే, తూకానికి వేసే ముందు ఒక్కసారి నీళ్ళలో తేలవేసి చూడండి. మునిగేసరికి ఇరవై నాలుగు నిమిషాలు పడితే, దానిని అమ్మకండి.