గ్రాఫిక్స్ కార్డు: స్లాటు తగాదా నుంచి వాట్ల లెక్క దాకా

గేముల కోసం సొంతంగా సిస్టమ్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలోనైనా మరెక్కడైనా మొదట అడిగేది ఒకటే: "ఈ కార్డు నా బోర్డుకు సెట్ అవుతుందా?" పాతికేళ్ల కిందట అది నిజంగా భయపడి అడగాల్సిన మాటే.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పటి నుంచే తెరమీద బొమ్మ చూపే పని విడి కార్డుది. ఎండీఏ కార్డు అక్షరాలకే పరిమితం, సీజీఏకి రంగులు వచ్చు. ఆటల కోసమే కార్డు కొనే అలవాటు మాత్రం బలపడింది 1996లో, 3డీఎఫ్ఎక్స్ వారి ‘వూడూ’తో. చిత్రమేమంటే అది ఒంటరిగా పనికిరాదు. త్రీడీ తప్ప మామూలు డెస్క్‌టాప్ చూపడం దానికి చేతకాదు. పక్కన ఇంకో వీడియో కార్డు ఉండాలి. దాన్నుంచి కేబుల్ వూడూకి, వూడూ నుంచి మానిటర్‌కి. ఒక పనికి రెండు కార్డుల ఖర్చు, అయినా జనం ఎగబడ్డారు.

మరుసటి ఏడాది నుంచి గ్రాఫిక్స్‌కే కేటాయించిన ఏజీపీ స్లాటు బోర్డుల మీదికి వచ్చింది. అసలు తలనొప్పి దీంతోనే. తొలి కార్డులు 3.3 వోల్టులవి, తర్వాతివి 1.5 వోల్టులవి. ఒకదానిలో ఒకటి దూరకుండా గాట్ల చోటు మార్చారు గానీ, ఆ గాట్లు సరిగా పెట్టని కార్డులూ అమ్ముడయ్యాయి. పాత కార్డు కొత్త బోర్డులో పెడితే బోర్డే పోయే ప్రమాదం ఉండేది.

2004లో బజారుకొచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఈ గొడవ తీర్చింది. తరాలు మారినా స్లాటు ఆకారం అదే. దాంతో పేచీ కరెంటుకు మళ్లింది. స్లాటు ఇచ్చేది 75 వాట్లే. ఆపైన కావాలంటే పవర్ సప్లై నుంచి తీగలు లాగాలి: ఆరు పిన్నులదైతే ఇంకో 75, ఎనిమిదిదైతే 150. 2022లో వచ్చిన ఆర్టీఎక్స్ 4090 కార్డు ఒక్కటే 450 వాట్లు లాగుతుంది. దాని కొత్త పదహారు పిన్నుల కనెక్టర్లు కొందరి దగ్గర కరిగిపోయాయి. ఆ డిజైన్‌ను సవరించాల్సి వచ్చింది.

స్లాటులో దూరినంత మాత్రాన కుదిరినట్టూ కాదు. అదే ఏడాది ఏఎండీ తెచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూడండి. చూడ్డానికి పూర్తి స్లాటు కార్డే, వాడుకునేది మాత్రం నాలుగు లేన్లే (డేటా దారులే). పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో తరం బోర్డులో ఫర్వాలేదు. మూడో తరం బోర్డులో ఆ దారి వేగం సగానికి పడిపోతుంది, 4 జీబీ మెమరీ నిండగానే ఆట నత్తనడక. పాత బోర్డున్నవాళ్లే కొనే చవక రకానికి ఈ కత్తిరింపు చేయడం నా దృష్టిలో అన్యాయం. ఇంటెల్ ఆర్క్ కార్డులది ఇంకో పేచీ: బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) లేకపోతే వాటి వేగం బాగా తగ్గుతుంది.

కాబట్టి కార్డు కొనేముందు క్యాబినెట్ మూత తీసి కార్డు పట్టే పొడవు కొలవండి. పవర్ సప్లై మీది లేబుల్ చదివి, ఎనిమిది పిన్నుల తీగలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. తీగ చాలకపోతే హార్డ్‌డిస్క్ కనెక్టర్‌కు అడాప్టర్ తగిలించి సరిపెడతామని దుకాణదారు అంటే మాత్రం ఒప్పుకోకండి.